అద్దె ఇంటికి ముందు మెరక.. ఆ తరువాతే మెరుగులు
బందరు, గుడివాడ, దివిసీమలో వాటాలు అద్దెకిచ్చే గృహ యజమానులకు మార్గదర్శిని

మచిలీపట్నం: కృష్ణా డెల్టా దిగువ ప్రాంతంలో ఇల్లు అద్దెకు ఇచ్చేవారిలో వ్యాపార దృష్టితో కట్టినవారు కొద్దిమందే. పిల్లలు హైదరాబాదుకో, విదేశాలకో వెళ్లిపోగా ఇంటిలో ఒక వాటా తాము ఉంచుకొని రెండవ వాటాను ఇచ్చేవారు, పదవీ విరమణ సొమ్ముతో పై అంతస్తు వేసుకున్నవారు, తాతల నాటి మండువా ఇంటిని విభజించి రెండు మూడు కుటుంబాలకు అప్పగించినవారు ఇక్కడ ఎక్కువ. ఇటువంటి వారికి నెలవారీ అద్దె పింఛనుతో సమానం. పది పన్నెండేళ్లకు ఒకసారి లక్షో రెండు లక్షలో కూడబెట్టి ఇంటిని బాగుచేయించాలని తలపెట్టినప్పుడు ఆ సొమ్ము ఎక్కడ పెట్టాలన్నది చిన్న ప్రశ్న కాదు. ఆ ఎంపిక పొరపాటైతే టు-లెట్ బోర్డు నెలల తరబడి వేలాడుతుంది. కొన్నిసార్లు అద్దెకున్నవారి ప్రాణాల మీదకు కూడా రావచ్చు.

పెద్ద నగరాల అపార్టుమెంట్లను చూసి ఫాల్స్ సీలింగు, మాడ్యులర్ వంటగది, మెరిసే టైల్సు వేయించడం ఇటీవలి అలవాటు. సముద్రపు గాలి, ఉప్పు నీరు, నల్లరేగడి నేల, తుపాను, ఈ నాలుగింటి నడుమ నిలబడే ఇంటికి ఆ వరుస పనికిరాదు.

అద్దెకు వచ్చేది ఎవరు?

ముందుగా తేల్చుకోవలసింది ఇది. మూడు ప్రాంతాలూ పక్కపక్కనే ఉన్నా అద్దెకు వచ్చేవారు వేరు.

మచిలీపట్నం జిల్లా కేంద్రం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లినా కృష్ణా జిల్లా కలెక్టరేటు, జిల్లా న్యాయస్థానం బందరులోనే ఉన్నాయి. 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం, 2023లో తరగతులు ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల, అదే సంవత్సరం మే నెలలో పనులు మొదలైన ఓడరేవు కొత్త రకం అద్దెదారులను తెచ్చాయి. బదిలీపై వచ్చే ఉద్యోగి కుటుంబంతో వస్తాడు. రెండు పడక గదులు, ద్విచక్ర వాహనం పెట్టుకునే చోటు, నమ్మకమైన మంచినీరు అడుగుతాడు. ఓడరేవు పనులకు వచ్చే సాంకేతిక సిబ్బంది నలుగురైదుగురు కలిసి ఉంటారు. వారికి రెండు స్నానాలగదులు, బట్టలు ఆరవేసుకునే చోటు ముఖ్యం. చిలకలపూడి రోల్డుగోల్డు పనివారు ఇంటిలోనే పని చేసుకునేందుకు ఒక గది కోరడం కద్దు. అక్కడ వెలుతురు, గాలి, విడి విద్యుత్తు లైను ఇస్తే చాలు. అయితే పూత పనికి వాడే రసాయనాలు నివాసపు గదిలో ఉండరాదని ముందే చెప్పాలి.

గుడివాడ రైల్వే జంక్షను, వ్యాపార కేంద్రం, విద్యాకేంద్రం. పట్టణంలోని కళాశాలల విద్యార్థులతోపాటు గుడ్లవల్లేరు వంటి సమీప ప్రాంతాలలో చదువుకునేవారు కూడా ఇక్కడ గదులు తీసుకుంటారు. ఏలూరు రోడ్డు, నాగవరప్పాడు, బంటుమిల్లి రోడ్డు వైపు చిన్న వాటాలకు గిరాకీ ఇందువల్లనే.

అవనిగడ్డ కథ మరొకటి. ఉపాధ్యాయ నియామక పరీక్షల శిక్షణకు ఈ ఊరు రాష్ట్రమంతటా పేరు పొందింది. డీఎస్సీ ప్రకటన వస్తుందన్న మాట వినిపిస్తే చాలు, శ్రీకాకుళం నుంచి, రాయలసీమ నుంచి అభ్యర్థులు దిగుతారు. 2018 తరువాత మళ్లీ పెద్ద ఎత్తున 16,347 పోస్టులకు ప్రకటన వెలువడింది 2025 ఏప్రిల్‌లో. నడుమ ఉన్న ఏళ్లలో గదులు కట్టినవారి పరిస్థితి ఊహించుకోవచ్చు. కనుక దివిసీమలో శిక్షణార్థుల కోసమే గదులను చీల్చి చిన్నవి చేయడం మంచి ఎంపిక కాదు. కావలసినప్పుడు ఇద్దరు ముగ్గురు అభ్యర్థులకు, లేనప్పుడు ఒక కుటుంబానికి సరిపోయేలా, మధ్యలో తలుపు పెట్టుకునే ఏర్పాటుతో వాటా ఉంచుకోవాలి. చదువుకునేవారికి మంచి వెలుతురు, గదికి రెండు మూడు ప్లగ్గులు, నిశ్శబ్దంగా తిరిగే ఫ్యాను, గోడకు బిగించిన కడప రాతి బల్ల చాలు. అదే బల్ల కుటుంబం వచ్చినప్పుడు సామాను పెట్టుకునేందుకు పనికివస్తుంది.

రోడ్డు పైకి.. ఇల్లు కిందికి

బందరు, గుడివాడలలో పాత ఇళ్లకు పట్టిన పెద్ద జబ్బు ఇది. వేసిన రోడ్డు మీదనే మళ్లీ రోడ్డు వేయడం వల్ల ముప్ఫై నలభై ఏళ్ల కిందట రెండడుగుల ఎత్తున ఉన్న గడప ఇప్పుడు వీధికి సమానంగానో, దిగువగానో ఉంటుంది. గట్టి వాన కురిస్తే వీధి నీరు, దానితోపాటు మురుగు, వాకిట్లోకి వస్తాయి. ఒకసారి నీరు చొరబడిన ఇంటిలో అద్దెకున్న కుటుంబం మరో వానాకాలం వరకు ఉండదు. టైల్సు ఎంత ఖరీదైనవన్నది అప్పుడు ఎవరూ చూడరు.

ఇల్లు బాగుచేయించే ముందు తాపీమేస్త్రి చేత నీటి గొట్టంతో మట్టం చూపించాలి. రోడ్డు నడిమి ఎత్తు, మురుగు కాలువ అడుగు, ఇంటి నేల, మరుగుదొడ్డి నేల, ఈ నాలుగు కొలతలూ కాగితంపై రాసుకోవాలి. నేల రోడ్డు కంటే కనీసం అడుగున్నర పైన లేకపోతే మొదటి ఖర్చు మెరకకే. మెరకకు నల్లమట్టి వాడరాదు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది, పైన వేసిన బండలు లేస్తాయి. ఇసుక గాని, ఎర్ర గ్రావెలు గాని పొరలు పొరలుగా పోసి నీళ్లు కట్టి దిమ్మిసా చేయించాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నేల లేపితే పైకప్పు ఎత్తు తగ్గుతుంది. నివాసపు గదికి కనీసం 2.75 మీటర్లు, అంటే సుమారు తొమ్మిది అడుగుల ఎత్తు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతున్నది. పది అడుగుల గదిలో అడుగున్నర మెరక చేస్తే ఆ హద్దు దాటిపోతుంది. ఫ్యాను తలకు దగ్గరవుతుంది, వేసవిలో గది కొలిమి అవుతుంది. అటువంటి ఇంటిలో గదులను వదిలి వాకిలిని, పెరటిని మెరక చేయడం, గేటు వద్ద వాలు గట్టు కట్టడం, కాలువలోకి వెళ్లే గొట్టానికి నీరు వెనక్కి రాకుండా మూత కవాటం బిగించడం మేలు. పాత బందరులోని మద్రాసు డాబాలు, బంగాళా పెంకుటిళ్లకు కప్పు ఎత్తు ఎక్కువ కనుక వాటికి ఈ బెడద తక్కువ.

వానతోపాటు ఏటి వరద ముప్పూ ఉన్నది. ప్రకాశం బ్యారేజీ నుంచి 2009 అక్టోబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైగా, 2024 సెప్టెంబరులో అంతకు మించి 11.4 లక్షల క్యూసెక్కుల వరకు వరద దిగువకు వెళ్లింది. కృష్ణ పాయల మధ్యనున్న దివిసీమ లంకలకు ఆ వరద ఏమి చేసిందో విదితమే. అదే 2024లో బుడమేరు పొంగి గుడివాడ చెంతనున్న నందివాడ మండలాన్ని ముంచింది. ఇటువంటి చోట్ల విద్యుత్తు మీటరు, స్విచ్చు బోర్డులు, ప్లగ్గులు వరద గుర్తు కంటే పైన ఉండాలి. గోడపై పాత నీటి మరక కనిపిస్తే దానికి రంగు వేసి దాచకుండా, ఆ ఎత్తుకు రెండడుగుల పైన బోర్డులు మార్పించడం వివేకం.

నీరు ఉంటేనే ఇల్లు

మూడు ప్రాంతాలలోనూ అద్దెకు వచ్చేవారు అడిగే మొదటి ప్రశ్న నీటి గురించే. తీరానికి చేరువైన బందరు, కోడూరు, నాగాయలంక వైపు భూగర్భ జలం అధికంగా ఉప్పు. తాగునీటికి కృష్ణా కాలువల నీటినే చెరువులలో నింపుకొని శుద్ధి చేసి వాడుకోవాలి. మచిలీపట్నానికి తరకటూరు చెరువు ఆధారం. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు నిల్వ తగ్గి కుళాయి వేళలు కుదించుకుపోతాయి. ఈ కారణంగా అద్దె ఇంటికి పెట్టే ఖర్చులో నిల్వ తొట్టికి రెండవ స్థానం ఇవ్వాలి.

ఎంత నిల్వ కావాలి? భూగర్భ మురుగునీటి వ్యవస్థ లేని పట్టణాలలో తలకు రోజుకు 70 లీటర్లు, ఆ వ్యవస్థ ఉన్న పట్టణాలలో 135 లీటర్లు లెక్కించడం రివాజు. గ్రామాలకు జల జీవన్ మిషన్ పెట్టుకున్న లక్ష్యం 55 లీటర్లు. నలుగురున్న కుటుంబానికి 70 చొప్పున రోజుకు 280 లీటర్లు. రోజు విడిచి రోజు నీరు వస్తే రెండు వాటాలకు 1,120 లీటర్లు. ఒక రోజు నీరు రాకపోయినా నెట్టుకురావడానికి 2,000 లీటర్ల తొట్టి ఉంటే నిశ్చింత. పైన నాలుగు వేల లీటర్ల ట్యాంకు పెట్టి కింద చిన్న సంపు కట్టినవారు చాలామంది ఉన్నారు. కుళాయి నీరు వచ్చే కొద్దిసేపట్లో పట్టుకోవలసింది కిందనే కనుక ఇది తలకిందుల లెక్క.

సంపును భూమిలో కట్టాలా, పైన కట్టాలా అన్నది ఊరును బట్టి ఉంటుంది. వానాకాలంలో నీటిమట్టం నేలకు రెండు మూడు అడుగులలోకి వచ్చే దివిసీమ గ్రామాలలో భూమిలోని సంపులోకి బయటి ఉప్పు నీరు, కొన్నిచోట్ల మరుగు నీరు ఊరుతుంది. అక్కడ నేలపైన తొట్టి కట్టి, కుళాయి నీరు ఎక్కేంత ఎత్తులోనే ఉంచాలి.

ఇక్కడి ఇళ్లకు ప్రత్యేకంగా కావలసినది రెండు గొట్టాల పద్ధతి. మునిసిపల్ నీటికి ఒక ట్యాంకు, బోరు నీటికి ఒక ట్యాంకు పెట్టి, మొదటి దానిని వంటగదికి, స్నానానికి, రెండవ దానిని మరుగుదొడ్డికి, వాకిలి కడగడానికి కలపాలి. ఉప్పు నీరు తగిలితే గీజరు లోపలి తొట్టి, కాయిలు త్వరగా పాడవుతాయి. కుళాయిలు పచ్చబారి బిగుసుకుపోతాయి, వాషింగ్ మెషీను మొరాయిస్తుంది. గోడలు పగులగొట్టి కొత్త గొట్టాలు వేసేది ఎలాగూ తప్పనప్పుడు రెండవ గొట్టానికి అయ్యే అదనపు ఖర్చు స్వల్పం. ఆ తరువాత వేయాలంటే మళ్లీ టైల్సు పగలాలి.

నీటి శుద్ధి యంత్రాన్ని యజమాని కొని బిగించడం అంత లాభదాయకం కాదు. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటరాదని, వేరే ఆధారం లేనప్పుడు 2,000 వరకు సహించవచ్చని భారతీయ ప్రమాణం చెబుతున్నది. కాలువ నీరు శుద్ధి చేసి ఇచ్చేచోట ఆర్‌ఓ అవసరం తక్కువ. ఉప్పు బోరు నీటికి పెడితే పొరలు త్వరగా పోతాయి, పట్టినదానికంటే పారబోసేది ఎక్కువ అవుతుంది, మార్పించే ఖర్చు ఎవరిదన్న తగవు వస్తుంది. వంటగదిలో దానికో ప్లగ్గు, ఒక కుళాయి మొన, నీరు పోయే రంధ్రం ఇచ్చి ఊరుకోవాలి. యంత్రం అద్దెకున్నవారు తెచ్చుకుంటారు.

మరుగుదొడ్డి విషయంలో అశ్రద్ధ అద్దెదారును వెళ్లగొడుతుంది. నీటిమట్టం పైకి ఉన్న నేలలో ఇంకుడు గుంత వానాకాలంలో పని చేయదు. తొట్టి నిండి వెనక్కి తన్నుతుంది. మరుగుదొడ్డి నేలను మిగతా ఇంటికంటే రెండు మూడడుగులు ఎత్తు చేసి, తొట్టెను పైకి తీసి, గాలి గొట్టం పెట్టించాలి. మూడేళ్లకొకసారి తొట్టె ఖాళీ చేయించడం యజమాని బాధ్యతగా ఒప్పందంలో ఉండాలి. ఇంకుడు గుంత మంచినీటి బావికి, బోరుకు 18 మీటర్ల దూరాన ఉండాలన్నది ప్రమాణం. మూడు సెంట్ల స్థలంలో అది సాధ్యం కాదు కనుకనే తాగునీటికి బోరును నమ్ముకోరాదు. రెండు స్నానాలగదులు ఉంటే ఒకటి పాశ్చాత్య పద్ధతిలో, ఒకటి మన పద్ధతిలో ఉంచితే వృద్ధులున్న కుటుంబాలు వెంటనే ఒప్పుకుంటాయి.

ఉప్పు గాలి చేసే చేటు

బందరు ఇళ్లలో గోడ కింది భాగం పెచ్చులూడటం, తెల్లటి ఉప్పు తేలడం సాధారణ దృశ్యం. నేలలోని చెమ్మ ఇటుకల గుండా పైకి పాకి ఆరిపోతూ ఉప్పును వదలడమే దీనికి కారణం. దీని మీద పుట్టీ పెట్టి రంగు వేస్తే ఆరు నెలలకు మళ్లీ రాలుతుంది. టైల్సు అతికిస్తే చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది. ఆ మేరకు గార చెక్కించి, ఇటుకలను కొన్ని వారాలు ఆరనిచ్చి, ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి ఆ తరువాత పూత పెట్టాలి. సున్నంతో కట్టిన పాత గోడకు సున్నపు గారే సరైనది. సిమెంటు గార చెమ్మను లోపలే బంధిస్తుంది. ఇంగ్లీషుపాలెం, వలందపాలెం వైపు శతాబ్దపు వయసున్న ఇళ్ల యజమానులు ఈ మాట ప్రత్యేకంగా గమనించాలి. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు కనుక ముందుగా వెతుక్కోవాలి.

కాంక్రీటు శ్లాబులో పెచ్చులు ఊడి కడ్డీలు బయటపడితే అది అందానికి సంబంధించిన విషయం కాదు. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి కాంక్రీటును తోస్తుంది. మంచం మీద పడుకున్నవారిపై పెళ్ల ఊడిపడే ప్రమాదం ఉన్నది. దానిని ఫాల్స్ సీలింగుతో కప్పి అద్దెకివ్వడం నేరంతో సమానం. తీరప్రాంతపు గాలికి గురయ్యే కాంక్రీటులో కడ్డీపై 45 మిల్లీమీటర్ల కప్పు ఉండాలని భారతీయ ప్రమాణం నిర్దేశిస్తున్నది. పాత ఇళ్లలో అందులో సగం కూడా ఉండదు. మరమ్మతుకు బోరు నీరు కలపడం ఇంకో తప్పు. ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదు. ఎక్కువ ఉప్పున్న నీటితో చేసిన మరమ్మతే మరో తుప్పుకు విత్తనం. పని జరిగే రోజులలో కుళాయి నీటిని పట్టి నిల్వ చేసుకోవాలి.

కిటికీలకు మామూలు ఇనుప చట్రాలు సముద్రానికి ఎంత దగ్గరైతే అంత త్వరగా తింటాయి. యూపీవీసీకి తుప్పు బాధ లేదు. అయితే దాని బయటి అంచున నీరు పోయే రంధ్రాలు ఉన్నాయో లేదో చూసి తీసుకోవాలి. బందులు, బోల్టులు, గొళ్లేలకు స్టెయిన్‌లెస్ స్టీలు వాడదలిస్తే తీరాన నిలిచేది 316 రకం. గుడివాడ దాకా వెళితే 304 సరిపోతుంది. వంటగదిలో ప్లైవుడ్ అలమరలు పెట్టడం ఈ చెమ్మకు, చెదలకు విందు పెట్టినట్లే. కడప రాతి అరలు, వాటికి అల్యూమినియం తలుపులు చాలు. చెదల నివారణకు గోడ మొదట అడుగుకొక రంధ్రం చొప్పున వేసి మందు ఎక్కించే పద్ధతి ఉన్నది. బండలు తీసినప్పుడే ఆ పని కానివ్వాలి.

డాబా కారుతుంటే లోపల ఎన్ని మెరుగులు దిద్దినా వృథా. నీరు నిలవకుండా వాలు సరిచేసి, పైన తెల్లని పలకలు పరిపించినా, కనీసం ఏటా వేసవికి ముందు తెల్ల సున్నం కొట్టించినా పై అంతస్తు వేడి తగ్గుతుంది. పై వాటా ఖాళీగా ఉండటానికి ఏప్రిల్, మే నెలల వేడే తరచు కారణం.

తుపాను రాత్రి గుర్తుంచుకొని..

1864 నవంబరు ఒకటవ తేదీ నాటి ఉప్పెన బందరులో సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమలో పది వేల మందికి పైగా మరణించారు. 1990 మే నెలలో, 2003 డిసెంబరులో తుపానులు ఈ తీరాన్నే తాకాయి. 2013లో హెలెన్ బందరు సమీపంలో తీరం దాటింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల వద్ద దాటినా ఇక్కడి వరి, అరటి తోటలు నేలకొరిగాయి. ఈ ప్రాంతపు కట్టడాలను సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్ల గాలిని లెక్కలోకి తీసుకొని కట్టాలని ప్రమాణం.

ఇంత చరిత్ర ఉన్నా డాబాపై రేకుల గది వేసి అద్దెకివ్వడం మానలేదు. అతి తక్కువ ఖర్చుతో అద్దె తెచ్చేది అదే కావడం కారణం. వేయక తప్పదనుకుంటే రేకును మేకులతో కాక కొక్కెపు బోల్టులతో బిగించాలి. దూలాలను గోడపై ఆనించి వదలకుండా గోడలోని కాంక్రీటు బెల్టుకు కట్టాలి. చూరు బయటికి ఎక్కువగా రాకూడదు. తుపాను హెచ్చరిక వచ్చిన నాడు ఆ గదిలోనివారు కిందికి దిగి వచ్చే హక్కు, చోటు ఉంటాయని యజమాని ముందే మాట ఇవ్వాలి. పైనున్న ప్లాస్టిక్ ట్యాంకులను ఇనుప పట్టెలతో కట్టి, హెచ్చరిక రాగానే నీటితో నింపాలి. ఖాళీ ట్యాంకు గాలికి పక్క ఇంటి మీద పడుతుంది. నీరు కూడా ఆ తరువాతి నాలుగు రోజులకు, కరెంటు లేని వేళ, అక్కరకు వస్తుంది.

విడి మీటరు పెద్ద వసతి

రెండు వాటాలకు ఒకే మీటరు ఉన్న ఇంటిలో తగాదా తప్పదు. పైగా అది నష్టం. 2022 ఆగస్టు నుంచి అమలుకు వచ్చిన గృహ వినియోగ రేట్ల ప్రకారం 150 యూనిట్లు వాడిన కుటుంబానికి ఇతర ఛార్జీలు కాక 567 రూపాయలవుతుంది. రెండు కుటుంబాల 300 యూనిట్లూ ఒకే మీటరులో తిరిగితే బిల్లు 1,673 రూపాయలు. విడివిడిగా అయితే 1,134. నెలకు 539 రూపాయలు ఊరికే పోతున్నాయి. విడి మీటరుకు పెట్టిన ఖర్చు కొద్ది కాలంలోనే తిరిగి వస్తుంది, అద్దెదారు వేలు చూపే అవకాశమూ ఉండదు.

పాత తీగలు మార్పించి, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకి పడిపోయే రక్షణ స్విచ్చు పెట్టడం తప్పనిసరి. చెమ్మ గోడలు, ఉప్పు నేల ఉన్నచోట ఎర్తు గొట్టం తుప్పుపట్టి తెగిపోయినా బయటికి తెలియదు. ఏటా పరీక్ష చేయించాలి. ఏసీని యజమాని కొనవలసిన పని లేదు. దానికో విడి లైను, బయటి యూనిట్‌కు గట్టి ఆధారం, నీరు పోయే గొట్టం ఇస్తే సరి. ఇన్వర్టరు, వాషింగ్ మెషీనుల విషయమూ అంతే. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం ఫ్యాన్లు మాత్రం కొని పెట్టవచ్చు. పాతవి 75 వాట్లు తీసుకుంటే ఇవి 35లోపే. మూడు ఫ్యాన్లు రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 40 యూనిట్లకు పైగా మిగులు.

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన సూర్య ఘర్ పథకంలో ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు లేదా ఆపైన 78 వేల రూపాయల రాయితీ ప్రకటించారు. అయితే సౌర పలకలు ఒక మీటరుకే కలుస్తాయి. అది అద్దె వాటా మీటరైతే లాభం అద్దెదారుది, ఖర్చు యజమానిది. తాము కూడా అదే ఇంటిలో ఉండి తమ మీటరుకు కలుపుకునేవారికే ఇది లాభసాటి. గాలికి ఎగిరిపోని చట్రం ఖర్చును కూడా ముందే కలుపుకోవాలి.

ఖర్చు ఎప్పుడు తిరిగి వస్తుంది?

ఒక ఉదాహరణ. నెలకు 6,000 రూపాయలు వచ్చే వాటాకు 1,20,000 పెట్టి మెరుగు టైల్సు, సీలింగు వేయించగా అద్దె 500 పెరిగిందనుకుందాం. ఆ సొమ్ము తిరిగి రావడానికి 240 నెలలు, అంటే ఇరవై ఏళ్లు. సీలింగు అంతకాలం ఉండదు. అదే వాటాకు 60,000తో తొట్టి, విడి మీటరు, మరుగుదొడ్డి బాగుచేయిస్తే అద్దె ఆ 500లే పెరిగినా, ఏడాదికి ఒక నెల ఖాళీ తప్పితే మరో 6,000 మిగులుతుంది. ఏడాదికి 12,000 చొప్పున అయిదేళ్లలో ఖర్చు చేతికి వస్తుంది. చిన్న పట్టణంలో లాభం అద్దె పెంచడంలో కంటే ఇల్లు ఖాళీ పడకుండా చూసుకోవడంలోనే ఉన్నది. ఆదాయపు పన్నులో మరమ్మతుల ఖర్చు ఎంతైనా మినహాయింపు మాత్రం మునిసిపల్ పన్ను పోను మిగిలిన అద్దెలో 30 శాతమే కనుక, ఎక్కువ పెడితే పన్ను తగ్గుతుందన్న ఆశ పెట్టుకోరాదు. పట్టణ ఆస్తిపన్ను 2021 నుంచి అద్దె విలువపై కాక మూలధన విలువపై లెక్కిస్తున్నారు. కొత్తగా గది చేర్చితే ఆ విస్తీర్ణం పన్నులోకి వస్తుంది.

వాస్తు పేరిట తలుపులు మార్పించే ఖర్చు ఒకటి ఉన్నది. తూర్పు ముఖం వాటాకు గిరాకీ ఉన్న మాట నిజమే. కాని ఉన్న మరుగుదొడ్డిని ఒక మూల నుంచి మరో మూలకు మార్పించి, గొట్టాల వాలు చెడగొట్టి, ఆ పిదప కంపు కొడుతున్నదని శాంతి చేయించినవారూ ఈ జిల్లాలో లేకపోలేదు.

కాగితం మీద పెట్టుకోవలసినవి

ఏడాదికి మించిన అద్దె ఒప్పందానికి రిజిస్ట్రేషను తప్పనిసరి కనుకనే పదకొండు నెలల కాగితం వాడుకలోకి వచ్చింది. నోటిమాటతో ఇళ్లివ్వడం ఇప్పటికీ ఇక్కడ ఎక్కువ. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం తరువాత 2017లో రాష్ట్రం కొత్త చట్టం చేసింది. అది లిఖితపూర్వక ఒప్పందాన్ని కోరుతుంది. మరమ్మతులకు యజమాని బాధ్యుడై ఉండి, నోటీసు ఇచ్చినా తగిన గడువులో చేయించకపోతే అద్దెదారు తానే చేయించుకొని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షను చెబుతున్నది. వేరే ఒప్పందం లేకపోతే, తాను బిగించుకున్న వస్తువులను ఇంటికి నష్టం కలగకుండా తీసుకుపోయే హక్కు కూడా అందులోనే ఉన్నది.

కనుక మోటారు కాలిపోతే ఎవరు చేయించాలి, తొట్టె ఎప్పుడు ఖాళీ చేయించాలి, ఏసీ గొట్టానికి వేసిన రంధ్రం వెళ్లేటప్పుడు ఎవరు పూడ్చాలి అన్నవి రాసుకోవాలి. ఇల్లు అప్పగించే రోజున ఫ్యాన్లు, కుళాయిలు, తాళాలు, మీటరు అంకె ఒక పట్టికలో రాసి ఇరువురూ సంతకం చేయాలి. అద్దెకున్నవారు ఇంటిలో ఉండగా పని పెట్టుకోవలసి వస్తే నీరు, కరెంటు ఏ రోజున ఆగుతాయో ముందుగా తెలపాలి, ఆ రోజుల అద్దె తగ్గించాలి.

పని కాలం విషయానికి వస్తే గోడలు ఆరే పనులకు ఫిబ్రవరి, మార్చి అనుకూలం. కాలువలు కట్టాక ఏప్రిల్, మే నెలలలో సిమెంటు పనికి మంచినీరు దొరకదు. కళాశాలలు, పాఠశాలలు తెరిచే జూన్ నాటికి ఇల్లు సిద్ధంగా ఉంటేనే అద్దెకు వచ్చేవారు దొరుకుతారు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పైకప్పు విప్పే పని పెట్టుకోకూడదు.